ఫ్రిస్బీ 60 మీటర్లు వెళ్తోంది, డ్రైవర్ 50 దాటడం లేదు

ప్రశ్న: మేం తిరువాన్మియూరులో ఉంటాం. రెండేళ్లుగా ఆఫీసు స్నేహితులతో బెసంట్ నగర్ బీచ్‌లో అల్టిమేట్ ఫ్రిస్బీ ఆడుతున్నాను. డల్లాస్‌లో ఉన్న మా బావ అక్కడ డిస్క్ గోల్ఫ్ (బంతికి బదులు డిస్కును దూరంగా ఉన్న బుట్టలోకి విసిరే గోల్ఫ్) ఆడతాడు. పోయినసారి వచ్చినప్పుడు "అన్నిటికన్నా దూరం పోయేది ఇదే" అని ఇన్నోవా కంపెనీ డెస్ట్రాయర్ అనే డ్రైవర్ (దూరం విసరడానికి చేసిన డిస్కు) ఒకటి ఇచ్చి వెళ్లాడు. 175 గ్రాములు, ఛాంపియన్ ప్లాస్టిక్. నా మామూలు ఫ్రిస్బీ బ్యాక్‌హ్యాండ్‌లో 60 మీటర్లు పోతుంది. ఇది మాత్రం ఎంత బలంగా విసిరినా పైకి లేచి, ఎడమకు తిరిగి, 50 మీటర్లలోపే కూలబడుతోంది. పరిగెత్తుకొచ్చి విసిరితే ఇంకా అధ్వాన్నం. బావ డిసెంబర్‌లో మళ్లీ వస్తున్నాడు, మూడు నాలుగు డిస్కులు తెస్తానన్నాడు. 14 స్పీడ్‌ది తెప్పించుకోనా? ఇక్కడి స్పోర్ట్స్ షాపుల్లో అడిగితే పిల్లలాడే ఫ్రిస్బీలు చూపిస్తున్నారు, కాబట్టి తెప్పించాక మార్చుకునే వీలుండదు. నాది కుడిచేతి వాటం.
ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: 14 స్పీడ్ వద్దు, 13 కూడా వద్దు. ఈ మాట మీ బావగారికి ఇవాళే చెప్పేయండి. లేకపోతే ప్రేమకొద్దీ ఇంకా పెద్దది తెస్తారు. ఆడలేక మద్దెల ఓడందని సామెత ఉంది గానీ, మీ విషయంలో మద్దెల తప్పు సగం నిజంగానే ఉంది. మిగతా సగం మీ మణికట్టులో ఉంది. దానికి డబ్బు ఖర్చు లేదు.

డిస్కు మీద వేసే నాలుగు అంకెల్లో మొదటిదాన్ని కొత్తవాళ్లు దాదాపు అందరూ తప్పుగా చదువుతారు. డెస్ట్రాయర్‌కు 12, 5, −1, 3 అని ఉంటాయి. ఆ 12, అంటే స్పీడ్, డిస్కు మీ దగ్గర వసూలు చేసే అడ్వాన్సు అనుకోండి. మన ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకున్నట్టే, పది నెలల అడ్వాన్సు చేతిలో పెడితేనే తాళంచెవి ఇస్తారు. అంత వేగం మీ చెయ్యి ఇవ్వగలిగితేనే మిగిలిన మూడు అంకెలూ నిజమవుతాయి. రెండోది గ్లైడ్, గాల్లో ఎంతసేపు తేలుతుందో చెబుతుంది. మూడోది టర్న్: వేగంగా ఉన్నప్పుడు, అంటే మొదటి సగంలో, కుడికి ఎంత ఒరుగుతుందో. మైనస్ ఎంత ఎక్కువైతే అంత కుడికి. నాలుగోది ఫేడ్, వేగం తగ్గాక ఎడమకు ఎంత పడుతుందో. ఇదంతా కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ లెక్క. ఈ అంకెల్ని తయారీ కంపెనీలే వేసుకుంటాయి. డిస్కు నిబంధనలకు లోబడి ఉందో లేదో చూసే డిస్క్ గోల్ఫ్ సంఘం పీడీజీఏ వీటిని కొలవదు. అందుకే ఒక కంపెనీ 9కీ ఇంకో కంపెనీ 9కీ కాస్త తేడా ఉంటుంది.

ఎడమకు ఎందుకు కూలుతోందో తెలిస్తే ఏది కొనాలో దానంతటదే తేలుతుంది. మీ చేతిలోంచి వెళ్లిన డిస్కు పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతూ పోతుంది. వేగం తక్కువై, ముక్కు (అంటే ముందున్న అంచు) గాలికి ఎదురు నిక్కినప్పుడు, పైకెత్తే బలం డిస్కు మధ్యకన్నా ముందువైపు పని చేసి ముక్కును ఇంకా లేపబోతుంది. తిరగని వస్తువైతే వెనక్కి పల్టీ కొట్టేది. తిరిగేది కాబట్టి బొంగరంలా, తోసిన వైపుకు పోకుండా దానికి అడ్డంగా, ఎడమకు ఒరుగుతుంది. అదే ఫేడ్. బాగా వేగంగా పోతున్నప్పుడు ఇదే తలకిందులవుతుంది. బలం మధ్యకన్నా వెనక్కి జరిగి ముక్కును కిందికి నొక్కుతుంది, డిస్కు కుడికి ఒరుగుతుంది. అది టర్న్. ముందు కుడికి కొంచెం ఒరిగి, తర్వాత నిదానంగా ఎడమకు వచ్చేదే బాగా దూరం పోయే దారి. మీ డెస్ట్రాయర్‌కు కుడికి ఒరిగే వేగం ఒక్కసారి కూడా అందలేదు. చెయ్యి వదిలిన క్షణం నుంచే అది తన ప్రయాణంలోని ఆఖరి ఘట్టం ఎగురుతోంది.

మీ అల్టిమేట్ డిస్కుకు ఈ గొడవ తక్కువ. దాని అంచు మొద్దు, వ్యాసం 27 సెంటీమీటర్ల పైనే, ముక్కు కాస్త లేచినా తేలుకుంటూ పోతుంది. డ్రైవర్ వ్యాసం 21 సెంటీమీటర్ల చిల్లర, అంచు కత్తి పీటలా వాలుగా ఉంటుంది. ఆ వాలు అంచును 1983లో ఇన్నోవా స్థాపకుల్లో ఒకరైన డేవ్ డ్యూనిపేస్ తెచ్చారు. అంతకుముందు గోల్ఫ్‌కు వాడిన డిస్కులన్నీ మామూలు ఫ్రిస్బీ అంచువే. గాలిని చీల్చుకుపోయే ఆ ఆకారమే, ముక్కు నాలుగు డిగ్రీలు పైకి పెడితే అంతే కఠినంగా శిక్షిస్తుంది.

బరువు సంగతి. అల్టిమేట్ డిస్కు 175 గ్రాములే కాబట్టి డ్రైవర్‌లో 175 మీకు మామూలు బరువులా కనిపించి ఉంటుంది. అది పొరపాటు. పీడీజీఏ నిబంధన ప్రకారం వ్యాసంలో ప్రతి సెంటీమీటర్‌కు 8.3 గ్రాములు మించకూడదు. 21.1 సెంటీమీటర్ల డ్రైవర్‌కు అది 175 దగ్గర ఆగుతుంది. మీ చేతిలో ఉన్నది ఆ సైజులో చేయగలిగినంత బరువైనది. పైగా ఛాంపియన్ ప్లాస్టిక్ గట్టిది, అదే డిస్కును మెత్తటి ప్లాస్టిక్‌లో చేసినదానికన్నా సాధారణంగా మొండిగా ఎడమకు లాగుతుంది. బావగారు తన చేతికి నప్పేది ఇచ్చారు, అంతే.

కొనేముందు ఒక పని చేయండి. మీ చేతివేగం కొలవండి. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంటే చాలు. విసిరే గీత మీద సరిగ్గా 5 మీటర్ల దూరంలో రెండు నీళ్ల సీసాలు పెట్టండి. మొదటి సీసా మీ చెయ్యి వదిలే చోటికి ఒకటి రెండు మీటర్లు ముందు ఉండాలి. ఫోన్ పక్కగా, పది మీటర్ల అవతల, రెండు సీసాలకూ మధ్యలో లంబంగా పెట్టాలి. డిస్కు సీసాల మీదుగానే పోవాలి, పక్కనుంచి పోతే లెక్క తప్పుతుంది. మొదటి సీసా నుంచి రెండోదాకా ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టండి. 62 వస్తే గంటకు 70 కిలోమీటర్లు. 54 వస్తే 80. 45 వస్తే 96. డెస్ట్రాయర్ లాంటి 12 స్పీడ్ డిస్కు బుద్ధిగా ఎగరాలంటే అటూ ఇటూగా 95 కావాలి. పేరున్న ప్రొఫెషనల్ ఆటగాళ్లు 110 దాటిస్తారు. మామూలు డిస్కుతో 60 మీటర్లు పోయే చెయ్యి 80 లోపే ఉంటుంది. 7 నుంచి 9 స్పీడ్ దానికి తగింది.

ఇక బావగారికి పంపాల్సిన జాబితా. మొదటిది లెపర్డ్3 (7, 5, −2, 1), 165 నుంచి 170 గ్రాములు. దాన్ని ఫెయిర్‌వే డ్రైవర్ అంటారు, మీ సంచీలో ఎక్కువ పని చేయబోయేది అదే. రెండోది సైడ్‌వైండర్ (9, 5, −3, 1), 155 నుంచి 165 గ్రాముల మధ్య, స్టార్ ప్లాస్టిక్‌లో. అది దొరక్కపోతే వాల్కిరీ (9, 4, −2, 2), లేదా లాటిట్యూడ్ 64 కంపెనీ డైమండ్ (8, 6, −3, 1). డైమండ్‌ను తేలిక బరువుల్లోనే ఎక్కువగా అమ్ముతారు, చేతివేగం తక్కువున్నవాళ్లకు అది భలే పనిచేస్తుంది. మూడోది డ్రైవర్ కాదు, డిస్క్రాఫ్ట్ బజ్ (5, 4, −1, 1) అనే మిడ్‌రేంజ్, అంటే మధ్య దూరాలకు వాడే డిస్కు. ఎందుకంటారా? అది మీరు చేసే తప్పును దాచదు, మీరు చేయని తప్పును మీ మీద వేయదు. దాన్ని తిన్నగా 60 మీటర్లు పంపగలిగిన రోజున డ్రైవర్ గురించి మాట్లాడుకోవచ్చు. నాలుగోదానికి బరువు మిగిలితే బీస్ట్ (10, 5, −2, 2), 165 గ్రాములది తెప్పించి దాచుకోండి. లెపర్డ్3 నిలకడగా 80 మీటర్లు దాటాక బయటికి తీయండి. మాంబా (11, 6, −5, 1) అని ఒకటుంది, నెమ్మది చేతులకు మంత్రంలా పనిచేస్తుందని చెబుతారు. గాలి లేని చోట నిజమే. చెన్నై బీచ్ గాలికి అది కుడికి బోర్లాపడి నేల మీద చక్రంలా దొర్లుకుంటూ పోతుంది.

షాపులో ఒకే పేరున్నవి నాలుగు ఉంటే ఏదో ఒకటి తీసుకోవద్దని చెప్పండి. వరుసగా బల్లమీద పెట్టి, కన్ను బల్ల ఎత్తుకు దించి చూడమనండి. అంచు చుట్టూ రెండు అచ్చులు కలిసిన సన్నని గీత కనిపిస్తుంది. ఆ గీత బల్లకు దగ్గరగా ఉన్నది తేలిగ్గా కుడికి తిరుగుతుంది, ఎత్తుగా ఉన్నది మొండిది. మీకు దగ్గరగా ఉన్నదే కావాలి. మధ్యభాగం కాస్త గుమ్మటంలా ఉబ్బినది ఎక్కువసేపు తేలుతుంది. చెమట చేతులకు ఛాంపియన్ లాంటి నున్నటి గాజు ప్లాస్టిక్‌కన్నా స్టార్ మేలు. చవక డీఎక్స్ ప్లాస్టిక్ పట్టుకు బాగుంటుంది గానీ నాలుగుసార్లు గట్టిగా తగిలితే అంచు అరిగి, రోజురోజుకూ ఇంకా కుడికి తిరగడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు మణికట్టు దగ్గరికి వద్దాం. డిస్కు పైకి లేచి, ఆగి, ఎడమకు జారుతోందని రాశారు. "పైకి లేచి" అన్న మాటే అసలు ఆధారం. వేగం చాలకపోతే డిస్కు లేవకుండానే ఎడమకు పోతుంది. లేచి ఆగిందంటే ముక్కు పైకుంది. మీలో రెండు లోపాలూ ఉన్నాయి. డిస్కు మారిస్తే ఒకటే పోతుంది.

ముక్కు పైకి లేవడం పట్టులోనే మొదలవుతుంది. అల్టిమేట్‌లో చూపుడువేలు అంచు వెంబడి చాపి, మిగతావి అడుగున విసనకర్రలా పరుస్తారు. డ్రైవర్‌కు అది పనికిరాదు. నాలుగు వేళ్లనూ లోపలికి ముడిచి, వేలి కొనలు అంచు లోపలి గోడకు గట్టిగా ఆనేలా పట్టుకోవాలి. బొటనవేలు పైన, చూపుడువేలికి ఎదురుగా, చదునుగా ఉంటుంది. ఆ రెంటి మధ్యే డిస్కు నలిగిపోవాలి. డెస్ట్రాయర్ అంచు 2 సెంటీమీటర్ల పైన వెడల్పుంటుంది. వేళ్లు పొట్టివాళ్లకు కొనలు లోపలి గోడదాకా చేరవు, అప్పుడు డిస్కు తనకిష్టమైనప్పుడు జారిపోతుంది. ముందే జారితే ఎడమకు, ఆలస్యంగా వదిలితే కుడికి. 9 స్పీడ్‌కు దిగమనడానికి ఇదీ ఒక కారణం. పట్టు మొదట్నుంచీ బిగించక్కర్లేదు, బిగిస్తే మోచెయ్యి కూడా బిగుసుకుపోతుంది. డిస్కు ఛాతీ ముందుకు వచ్చేదాకా వదులుగా ఉంచి, అక్కడ బిగించాలి.

డిస్కు, ముంజేయి ఒకే తలంలో ఉన్నాయో లేదో చూసుకోండి. చాలామందికి డిస్కు ముంజేతికన్నా పైకి నిక్కి ఉంటుంది. సరిచేయడానికి, టంబ్లర్లోంచి డవరాలోకి కాఫీ వంచండి. నిజంగానే వంటింట్లోకి వెళ్లి ఒకసారి వంచి చూడండి. బొటనవేలు ముందుకు వాలుతుంది, మణికట్టు చిటికెనవేలి వైపు ముడుచుకుంటుంది. ఆ వంపునే చెయ్యి వెనక్కి చాచినప్పటి నుంచి డిస్కు వదిలేదాకా ఉంచాలి. చివరి క్షణంలో గభాలున వంచితే డిస్కు వణుకుతూ పోతుంది, ఆ వణుకే దూరాన్ని తినేస్తుంది. వంపు చాలిందో లేదో పక్కనుంచి తీసిన వీడియోలో తెలుస్తుంది. వదిలాక వచ్చే మూడు ఫ్రేముల్లో డిస్కు ఉన్న చోట్లను కలిపి ఒక గీత ఊహించండి. అది డిస్కు పోయే దారి. డిస్కు ఆ గీత వెంబడే పడుకుని ఉండాలి, లేదా ముక్కు రెండు మూడు డిగ్రీలు దానికి కిందుండాలి. గీతకన్నా పైకి నిక్కి ఉంటే కాఫీ ఇంకా వంచాలి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. దూరం పోవాలంటే ఎత్తు కావాలి. ఎత్తు కోసం అందరూ మణికట్టుతో ముక్కు లేపుతారు, డిస్కు గోడలా నిలబడిపోతుంది. ఎత్తు నడుము నుంచి రావాలి. వెనక భుజం కొంచెం దించి, ఒళ్లంతా ఒక పలకలా వెనక్కి వాల్చి, ఆ వాలు వెంబడే చెయ్యి లాగాలి. దారి పైకి, ముక్కు దారి వెంబడి. 70 మీటర్ల విసురుకు డిస్కు మొదటి అంతస్తు బాల్కనీ ఎత్తుకు వెళ్తే చాలు. వీడియోల్లో కనిపించే ఆకాశమంత ఎత్తు విసుర్లు చూసి మోసపోకండి. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు విసిరి రికార్డు పెట్టింది నెవాడా ఎడారిలో, వెనకనుంచి వీచే బలమైన గాలిని వాడుకుని. ఆ ఎత్తు ఆ గాలి కోసం.

పరుగు మానేయండి, కనీసం రెండు నెలలు. నిలబడి విసిరే దానికి పరుగు కలిపేది పదిహేను శాతం అటూ ఇటూ, చెడగొట్టేది అంతకన్నా చాలా ఎక్కువ. కుడి భుజం లక్ష్యం వైపు తిప్పి, కాళ్లు భుజాలకన్నా కాస్త ఎడంగా పెట్టి నిలబడండి. బరువు ఎడమ పాదం లోపలి అంచు మీదికి తీసుకుంటూ డిస్కును లక్ష్యానికి సరిగ్గా వ్యతిరేక దిశలో, ఛాతీ కింది ఎత్తులో చాచండి. తర్వాత బరువు కుడికాలి మీదికి వచ్చి, మడమ నేలకు ఆనాలి. మడమ ఆనిన తర్వాతే చెయ్యి కదలాలి. నడుము ముందు, భుజం తర్వాత, మోచెయ్యి ఆ తర్వాత, మణికట్టు అన్నిటికన్నా ఆఖర్న. బట్టలు ఉతికేటప్పుడు దుప్పటి దులిపినట్టు, మొదలు ఆగితేనే కొస టప్పున కొడుతుంది. డిస్కు ఛాతీని దాదాపు రాసుకుంటూ తిన్నటి గీతలో రావాలి. వదిలాక చేతిని బలవంతంగా ఆపకండి, చుట్టూ తిరగనివ్వండి. కుడిపాదం మడమ మీద తిరగాలి. తిరగకపోతే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది.

మీలాంటివాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. మోచెయ్యి ఒంటికి అతుక్కుపోయి, డిస్కు పొట్ట చుట్టూ అర్ధచంద్రంలా తిరిగి వస్తుంది. చూడ్డానికి బలంగా విసిరినట్టే ఉంటుంది, డిస్కు మాత్రం ఆలస్యంగా, కుడికి పోతుంది. పై చేతికీ ఛాతీకీ మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు. దీనికి మందు చిన్నది. వెనక్కి చాచడం పూర్తిగా మానేసి, డిస్కును కుడి ఛాతీకి ఆనించి, మోచెయ్యి లక్ష్యం వైపు పొడుచుకొచ్చేలా పెట్టి, అక్కడి నుంచే విసరండి. మొదట్లో 25 మీటర్లు పోతే సంతోషించండి. 35 తిన్నగా పోవడం మొదలయ్యాక, చెయ్యి కొంచెం కొంచెంగా వెనక్కి చాస్తూ రండి. ఎక్కడ డిస్కు వణకడం మొదలైతే అక్కడ ఒక మెట్టు వెనక్కి దిగండి. బజ్ తెప్పించమన్నది దీనికే. బావగారు వచ్చేలోపు ఇదంతా మీ అల్టిమేట్ డిస్కుతోనే చేయొచ్చు. అది కూడా లేచి ఆగిపోతుంటే తప్పు ముక్కుదేనని ఇక సందేహం అక్కర్లేదు.

మీరు అడగలేదు గానీ, ఫ్లిక్ (ఫోర్‌హ్యాండ్ విసురు) సంగతి కూడా చెప్పాలి. అల్టిమేట్ నుంచి వచ్చినవాళ్లకు ఫోర్‌హ్యాండే బలం. రెండు వేళ్లు కలిపి అంచు లోపలి గోడకు ఆనించి, మోచెయ్యి ముందు నడుస్తూ, అరచెయ్యి ఆకాశం వైపు ఉండగా వదలాలి. అరచెయ్యి నేలవైపు తిరిగిపోతే డిస్కు బోర్లాపడుతుంది. ఫోర్‌హ్యాండ్‌లో తిరిగే వేగం తక్కువ కాబట్టి మొండి డిస్కులు దానికి నప్పుతాయి. మీ డెస్ట్రాయర్‌ను 9 స్పీడ్ ఫోర్‌హ్యాండ్ వచ్చేదాకా అటక మీద పెట్టక్కర్లేదు, అప్పుడప్పుడూ ఫ్లిక్‌తో విసిరి చూడండి. అది చివర్లో కుడికి పడుతుంది, బ్యాక్‌హ్యాండ్‌కు సరిగ్గా వ్యతిరేకం.

రోజుకు పూర్తిబలంతో 25, 30 విసుర్లు చాలు. వంద విసిరితే మోచేతి బయటివైపు నరం లాగినట్టు నొప్పి మొదలవుతుంది, అది తగ్గడానికి వారాలు పడుతుంది. ఒకే రకం రెండు డిస్కులుంటే నడక సగమవుతుంది. దూరం అడుగులతో కొలిస్తే మనసు చెప్పిన అంకె వస్తుంది. యూడిస్క్ యాప్‌లో విసురు కొలిచే సదుపాయం ఉంది, అది వాడండి. ప్రతి అయిదు విసుర్లకు చెయ్యీ డిస్కు అంచూ పొడి తువ్వాలుతో తుడుచుకోండి. సగం విసుర్లు చెమటకే చెడిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో డిస్కుల్ని కారు డిక్కీలో వదిలేస్తే అప్పడంలా వంకరపోతాయి. వంకరపోతే వేడినీళ్లలో నిమిషం ముంచి చదునైన బల్లమీద బరువు పెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది.

ఆఖరికి బీచ్. ఇసుకలో మడమ దిగబడిపోతుంది, పాదం తిరగదు. కాబట్టి అక్కడ నిలబడి విసరడమే. పరుగు నేర్చుకోవాలనుకున్న రోజున అనుమతి తీసుకుని ఏదైనా కాలేజీ మైదానానికి వెళ్లండి. ఈ అంచును ఎవరినీ పట్టుకోనివ్వకండి, వేళ్లు విరుగుతాయి. మీ స్నేహితుడు డిస్కు పడేచోట కాకుండా మీ వెనక, ఎడమవైపున నిలబడాలి. వాకింగ్ చేసేవాళ్లు కనిపిస్తే ఆగాలి. బెసంట్ నగర్‌లో తెల్లవారుజామున కూడా ఖాళీ అనుకోవద్దు.

దిశ కూడా ముందే ఎంచుకోండి. బ్యాక్‌హ్యాండ్ విసిరేటప్పుడు ఉత్తరానికి తిరిగి నిలబడండి. సముద్రం కుడిచేతి వైపుంటుంది, ఫేడ్ ఎడమకు కాబట్టి డిస్కు ఒడ్డువైపే పడుతుంది. మధ్యాహ్నం తర్వాత వచ్చే సముద్రపు గాలి కూడా కుడినుంచే తగిలి, ఎడమ అంచు కిందికి వాలిన డిస్కు అడుగున పట్టి లోపలికి నెడుతుంది. దక్షిణానికి తిరిగి విసిరారో, ఫేడ్ తిన్నగా అలల్లోకే. ఫ్లిక్‌కు ఇదంతా తిరగేసి చూసుకోండి. ఈ డిస్కుల్లో చాలావరకు నీళ్లలో మునిగిపోతాయి, వెతికినా దొరకవు.

డిసెంబర్‌లో మాత్రం జాగ్రత్త. అప్పుడు ఈశాన్యపు గాలి, ఉత్తరానికి విసిరితే ఎదురుగా వస్తుంది. ఎదురుగాలిలో డిస్కుకు తగిలే గాలివేగం పెరుగుతుంది కాబట్టి, ప్రతి డిస్కూ ఉన్నదానికన్నా ఎక్కువ కుడికి తిరుగుతుంది. కొత్త సైడ్‌వైండర్ ఆ గాలిలో తీస్తే కుడికి ఒరిగి, ఒరిగి, సముద్రంలో దిగుతుంది. ఆ రోజు దాన్ని సంచీలోనే ఉంచి మీ పాత డెస్ట్రాయర్ తీయండి. మొండితనం ఎదురుగాలికే పనికొస్తుంది. ముక్కు బాగా దించి, నేలకు రెండు మూడు మీటర్ల ఎత్తులోనే, పూర్తిబలం పెట్టకుండా విసరండి. ఈసారి పైకి లేచి ఆగదు.